‘మార్చుకుందాం’ అన్న మాట

“విజిట్ మీద రా, వచ్చినంక మార్సుకుందం.”

ఈ మాట ఎంతమందికి చెప్పానో నా దగ్గర లెక్క లేదు. సెలవు మీద ఊరికొచ్చినప్పుడు వేపచెట్టు కింద గద్దె మీద కూర్చుని చెప్పాను. పెళ్లి బంతిలో పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పాను. దుబాయ్‌లో డ్యూటీ దిగి, రాత్రి పది దాటాక ఫోన్‌లో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఎదుటివాడికి మేలు చేస్తున్నాననే అనుకున్నాను. 2006 నుంచి 2025 దాకా అక్కడే పనిచేసి, జగిత్యాల జిల్లాలోని మా ఊరికి తిరిగొచ్చేశాను. ఇప్పుడు చేతినిండా తీరికే. ఆ తీరికలో ఈ ఒక్క మాటే నన్ను వదలడం లేదు.

మొన్న మా వాడకట్టు పిల్లవాడొకడు ఇంటికొచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి. ఫోన్‌లో ఏజెంటు పంపిన కాగితం చూపించాడు. “కాకా, అరవై రోజుల విజిట్ అంట. ఆడికి పోయినంక కంపెనీ వీసా చేపిస్తరట. పోవచ్చునా?” అన్నాడు. పాత మాట నాలుక చివరి దాకా వచ్చింది, ఆపుకున్నాను. “రేపు రా, చెప్త” అని పంపించేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏం చెప్పాలో తెలుసు. కానీ అది చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి. పంతొమ్మిదేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి అది.

2006 మార్చిలో బేగంపేట నుంచి విమానమెక్కాను. అప్పటికి శంషాబాద్ విమానాశ్రయం ఇంకా మొదలుకాలేదు. డిగ్రీ అయ్యింది, పెళ్లై ఏడాది కాలేదు, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అరవై వేల అప్పు నెత్తిన ఉంది. కౌంటర్‌లో అధికారి “ఎందుకు పోతున్నావు?” అని అడిగాడు. “మా మేనమామ కొడుకు ఉన్నడు సార్, చూసొద్దామని” అన్నాను. చుట్టపుచూపుకు పోయేవాడి పెట్టెలో డిగ్రీ సర్టిఫికెట్ల నకళ్లు పది సెట్లు ఎందుకుంటాయి? ఆయన పెట్టె తెరవమనలేదు. నా చేతిలో తిరుగు టికెట్ ఉంది. దాంతో తిరిగి రానని నాకు తెలుసు. ఒక అబద్ధం మీద స్టాంపు పడింది. నేను దాన్ని అబద్ధంగా లెక్కపెట్టలేదు, అందరూ అనేదే కదా అనుకున్నాను.

అప్పట్లో విజిట్ వీసా రెండు నెలలు ఉండేది. దుబాయ్‌లోని దేరాలో ఒక గదిలో పదకొండు మంది మధ్య నాకొక పై మంచం దొరికింది. రెండు వారాలు తిరిగాక ఒక నిర్మాణ కంపెనీలో టైమ్‌కీపర్ పని ఉందన్నారు. ఏ కూలీ ఎన్నింటికి వచ్చాడు, ఎన్నింటికి దిగాడు, ఓవర్‌టైమ్ ఎంత అన్నది రాసే పని. “పదిరోజులు ట్రయల్ చూసి వీసా తీస్తం” అన్నారు. మూడు వందల మంది పేర్లున్న రిజిస్టరు నా చేతికిచ్చారు. పొద్దున నాలుగున్నరకు బస్సుల దగ్గర నిలబడి ఒక్కొక్కరి పేరు ముందు టిక్కు పెట్టేవాణ్ని. ఆ రిజిస్టరులో నా పేరు లేదు. విజిట్ మీద వచ్చి పనిచేస్తున్నవాళ్లకు వేరే నోట్‌బుక్ ఉండేది, నీలం అట్టది. ఎవరైనా తనిఖీకి వస్తే అది కనబడకూడదు కాబట్టి ఫోర్‌మన్ తన బండి సీటు కింద పెట్టుకునేవాడు. అందులో పేర్లు ఉండవు. నేను వి-7.

పది రోజుల ట్రయల్ నలభై ఒక్క రోజులు సాగింది. డబ్బులు సగమే ఇచ్చారు. మిగతావి అడగలేకపోయాను. ఎవరి దగ్గరికి పోయి ఏమని ఫిర్యాదు చేయను? విజిట్ వీసా మీద పని చేయడం అక్కడి చట్టం ప్రకారం తప్పు. నా కూలి నాకు రాలేదని చెప్పాలంటే, ముందు నేను తప్పు చేశానని ఒప్పుకోవాలి. యజమానికి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. విజిట్ మీద పనిచేసేవాడి కష్టానికి అసలు మెలిక అక్కడే ఉంది. వాడి నోరు ఎవరూ నొక్కనక్కర్లేదు, వాడి పాస్‌పోర్టులో ఉన్న వీసాయే నొక్కుతుంది.

చివరికి కంపెనీ వీసాకు ఒప్పుకుంది. కానీ అప్పట్లో లోపల కూర్చుని మార్చుకునే వీలు మాబోటివాళ్లకు లేదు. దేశం దాటిపోవాలి, కొత్త వీసా చేతికొచ్చాక మళ్లీ లోపలికి రావాలి. ఊరికొచ్చి పోవాలంటే ఖర్చు ఎక్కువ. అందుకని ఎక్కువమంది ఇరాన్‌కు చెందిన కిష్ అనే దీవికి పోయేవాళ్లు. అది స్వేచ్ఛా వాణిజ్య మండలం, అప్పట్లో వీసా లేకుండానే దిగనిచ్చేవాళ్లు. సముద్రం మీదుగా గంట లోపే ప్రయాణం. విమానంలో నా పక్కన కూర్చున్న మలయాళీ పెద్దాయన దారంతా కళ్లు మూసుకుని జపం చేస్తూనే ఉన్నాడు. రెండేళ్ల కిందట, 2004 ఫిబ్రవరి 10న, కిష్ నుంచి వస్తున్న విమానం షార్జాలో దిగబోతూ కూలిపోయింది. అందులో ఉన్న 46 మందిలో 43 మంది చనిపోయారు. మాలాగే వీసా కోసం పోయి వస్తున్న కూలీలు కూడా అందులో ఉన్నారు. ఆ సంగతి ఆ దారిన పోయేవాళ్లందరికీ తెలుసు. తెలిసే ఎక్కేవాళ్లం.

కిష్‌లో తొమ్మిది రోజులున్నాను. హోటల్ నిండా మావంటివాళ్లే. గదికి ఆరుగురు. పొద్దున లేవగానే కింద కౌంటర్ దగ్గరికి పోయి ఫ్యాక్స్ వచ్చిందా అని అడగడం, లేదంటే సముద్రం ఒడ్డున నడవడం, సాయంత్రం మళ్లీ అడగడం. నీళ్లు ఎంత తేటగా ఉండేవంటే నడుము లోతులో కూడా అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. అంత అందమైన చోట ఎవరి ముఖంలోనూ కళ లేదు. ఒక నేపాలీ పిల్లవాడు అప్పటికి పన్నెండు రోజులుగా చూస్తున్నాడు, వాడి కంపెనీ ఫోన్ ఎత్తడం లేదు. నా కాగితం వచ్చిన రోజు వాడు నాకంటే ముందే కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. నా పేరు పిలిచారు. నేను వాడివైపు చూడకుండా కాగితం తీసుకుని మెట్లెక్కిపోయాను. వాడి సంగతి ఏమైందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా ఆ రోజు నాకు అనిపించలేదు.

కిష్‌లో ఉండగా ఒక్కసారే ఇంటికి ఫోన్ చేశాను. మా ఆవిడ “యాడున్నవ్?” అని అడిగింది. “కంపెనీ పని మీద ఇరాన్ పంపిండ్రు” అన్నాను.

అది ఆమెను కంగారు పెట్టకూడదని ఆడిన మాట అని చాలా ఏళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు నిజం చెబుతున్నాను, అది నా పరువు కోసం ఆడిన మాట. వీసా లేక ఒక దీవిలో పడి ఉన్నానంటే అత్తగారింట్లో నా ముఖం చిన్నబోతుంది. ఆ మాట నేననుకున్న దానికంటే దూరం పోయింది. “మా అల్లుని ఇరాన్ గూడ పంపిచ్చిండ్రట” అని మా అత్తమ్మ ఊరంతా చెప్పుకుంది. అప్పుడు మా బామ్మర్దికి పదేళ్లు. నేను సెలవు మీద వచ్చినప్పుడల్లా వాడు నా సూట్‌కేసు పక్కన కూర్చుని “బావా, ఇరాన్ల ఏముంటది?” అని అడిగేవాడు. సముద్రం గురించి చెప్పేవాణ్ని. ఫ్యాక్స్ గురించి ఎన్నడూ చెప్పలేదు.

కాలం గడిచింది. నియమాలు మారాయి. దేశం దాటకుండానే, కొన్ని వందల దిర్హాములు కడితే విజిట్ నుంచి ఉద్యోగ వీసాకు మారే వీలు వచ్చింది. కిష్ దారి మెల్లగా మరుగున పడింది. నేను టైమ్ ఆఫీసుకు పెద్దనయ్యాను. చెప్పడానికి గొంతు పట్టేస్తున్న మాట ఇక్కడొకటి ఉంది. మా దగ్గరికి కూడా విజిట్ మీద వచ్చిన పిల్లలు ట్రయల్‌కు వచ్చేవాళ్లు. రిజిస్టరు కంప్యూటర్‌లోకి పోయింది, నీలం అట్ట నోట్‌బుక్ మాత్రం పోలేదు. ఆ నోట్‌బుక్ ఇప్పుడు నా సొరుగులో ఉండేది. వి-1, వి-2 అని నా చేత్తోనే రాశాను. కొందరికి వీసా వచ్చింది, కొందరిని నెల తిరిగాక పొమ్మన్నారు. పొమ్మన్నవాళ్ల రోజులు ఆ పుస్తకంలోనే ఉండిపోయాయి. నేను రాయకపోతే ఇంకొకడు రాస్తాడు అనుకునేవాణ్ని. నన్ను వి-7గా రాసిన ఫోర్‌మన్ కూడా అదే అనుకుని ఉంటాడు.

ఇంత చూసినవాణ్ని, ఊళ్లో వాళ్లకు మాత్రం “వచ్చినంక మార్సుకుందం” అని ఎట్లా చెప్పగలిగాను? ఎన్నో రాత్రులు ఈ ప్రశ్న వేసుకున్నాను. నాకు దొరికిన జవాబు ఒక్కటే. నాకు కలిసొచ్చినదాన్ని నేను తోవ అనుకున్నాను. ఏరు పొంగినప్పుడు ఒకడు ఈది ఒడ్డెక్కితే అక్కడ రేవు ఉన్నట్టు కాదు. నేను ఒడ్డున నిలబడి రేవు ఇదేనని చేయి ఊపాను. మధ్యలో మింగిన నీళ్ల సంగతి చెబితే నా గొప్ప తగ్గుతుందని దాచాను.

2023 ఫిబ్రవరిలో మా బామ్మర్ది దుబాయ్‌లో దిగాడు. అరవై రోజుల విజిట్. పదో తరగతి తప్పినవాడు, అంటే ఈసీఆర్ పాస్‌పోర్టు. అలాంటి పాస్‌పోర్టు ఉన్నవాడు గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద మన ప్రభుత్వం అనుమతి కావాలి. ఆ అనుమతి వెనుక ఒప్పందం కాగితం ఉంటుంది, జీతమెంతో రాసి ఉంటుంది, ఏజెంటు లైసెన్సు నంబరు ఉంటుంది, అతను తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ దాటకూడదని పరిమితి ఉంటుంది. 275 రూపాయలతో రెండేళ్లకు చేసే ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకు పది లక్షలు వస్తాయి. చుట్టపుచూపుకు పోయేవాడికి ఇవేవీ అక్కర్లేదు. అందుకే ఆ దారి సులువుగా కనబడుతుంది. అక్కర్లేదు అంటే దొరకవు అని కూడా అర్థం. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే “అదంత లేటయితది, విజిట్ మీద రా” అన్నాను.

ఒక పెయింటింగ్ కాంట్రాక్టరు వాణ్ని పనిలోకి తీసుకున్నాడు. “వీసా ప్రాసెస్‌ల ఉంది” అని ప్రతి శుక్రవారం చెప్పేవాడు. అసలైతే ఉద్యోగ వీసా మొదలయ్యేది పని ఒప్పంద పత్రం మీద సంతకంతో. ఆ తర్వాత అక్కడి కార్మిక శాఖ వర్క్ పర్మిట్, వీసా మార్పు, రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, ఎమిరేట్స్ ఐడీ. ఆ ఖర్చులు యజమానే పెట్టుకోవాలని చట్టం. మా బామ్మర్ది ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. “సంతకం పెట్టినవారా?” అని ఒక్కసారి అడిగి ఉంటే నాకు వెంటనే తెలిసిపోయేది. పొద్దున లేస్తే అవే కాగితాలు చూసే నేను ఆ ఒక్క మాట అడగలేదు. ఏప్రిల్‌లో వాడి అరవై రోజులు నిండాయి. మే నెలలో కాంట్రాక్టరు ఫోన్ మూగబోయింది. గడువు దాటి ముప్పై నాలుగు రోజులయ్యాక వాడు నాకు చెప్పాడు.

గడువు దాటిన ప్రతి రోజుకూ 50 దిర్హాముల జుర్మానా. ముప్పై నాలుగు రోజులకు 1,700. టికెట్‌తో కలిపి మూడు వేల లోపు. ఆ రోజు నా బ్యాంకులో పదకొండు వేల దిర్హాములున్నాయి. ఊళ్లో ఇంటికి స్లాబు వేయించాలని కూడబెట్టినవి. వారంలో మేస్త్రీకి పంపాలి. నేను వాడి భుజం మీద చేయి వేసి “కొన్ని దినాలు చూద్దాం, ఇంకో కంపెనీ అడుగుత” అన్నాను. స్లాబు పడింది. ఇప్పుడు నేను ఈ మాటలు రాస్తున్నది దాని కిందే.

నేనాడిన మాటల్లో నన్ను అన్నిటికంటే లోతుగా కోస్తున్నది అదే. విజిట్ మీద రమ్మనడం తెలిసీ తెలియని పొరపాటు అని ఎవరైనా క్షమించవచ్చు. “కొన్ని దినాలు చూద్దాం” అన్నప్పుడు మాత్రం రెండు వైపుల లెక్కా నా ముందుంది. ఒకవైపు స్లాబు, ఒకవైపు పిల్లవాడు. దానికి తోడు, వాణ్ని అప్పుడే పంపిస్తే బావ తోలుకపోయి రెండు నెలలకే తిప్పి పంపిండని అత్తగారింట్లో మాట పడాలి.

ఆ కొన్ని దినాలు ఏడాదిన్నర అయ్యాయి. వాడు ఖల్లివల్లి అయ్యాడు. కాగితాల్లేక బతికేవాళ్లను అక్కడ మనవాళ్లు పిలుచుకునే పేరు అది. ఎక్కడ పని దొరికితే అక్కడ, ఎంతిస్తే అంత. పోలీసు బండి కనబడితే సందు మారడం. 2024 ఎండాకాలంలో వాడికి దవడ పన్ను పుచ్చి చీము పట్టింది. చెంప కమలాపండంత ఉబ్బింది. ఎమిరేట్స్ ఐడీ లేదు, బీమా లేదు, ఆస్పత్రికి పోతే ఎవరేమంటారోనని భయం. నేను రాత్రి వాడి గదికి వెళ్లేసరికి మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని, లవంగం పంటి కింద పెట్టుకుని, తడిగుడ్డతో చెంప అదుముకుంటున్నాడు. మందులిచ్చాను. నీళ్లు తాగడానికి నోరు తెరుచుకోక మాత్ర పొడి చేసి నాలుక మీద వేసుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. మొదట రెండు నెలలన్నారు, తర్వాత డిసెంబరు చివరిదాకా పొడిగించారు. జుర్మానా కట్టకుండా, మళ్లీ రాకుండా నిషేధం పడకుండా పోవచ్చు. నేను సెలవు పెట్టి వాణ్ని అవీర్‌లోని క్షమాభిక్ష కేంద్రానికి తీసుకుపోయాను. బయట ఎండ, లోపల చల్లటి గుడారాలు, వరుసల్లో మన దేశంవాళ్లు, బంగ్లాదేశ్‌వాళ్లు, ఫిలిప్పీన్స్‌వాళ్లు. వరుసలో నిలబడే లెక్క వేశాను. 514 రోజులు, 25,700 దిర్హాములు. మన డబ్బుల్లో ఐదు లక్షల ఎనభై వేలు దాటుతుంది. కౌంటర్‌లోని ఆమె వేలిముద్ర తీసుకుంది, ఏదో నొక్కింది, ఎగ్జిట్ పర్మిట్ కాగితం చేతికిచ్చింది. అంత అప్పూ ఒక్క మీటతో పోయింది. కానీ ఆ 514 రోజులను ఆ మీట తిరిగి ఇవ్వలేదు.

విమానాశ్రయంలో వాడు అడిగాడు, “బావా, ఊర్ల ఏం జెప్పాలె?”

కిష్‌లో నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డ చోటే వాడూ నిలబడ్డాడు. అప్పుడైనా సరిదిద్దుకోవాల్సింది. నేను అన్నది “సెలవు మీద వచ్చిన్నని చెప్పు” అని. వాడు తలూపి లోపలికి పోయాడు. పదేళ్ల వయసులో నా అబద్ధం విన్నవాడు, ఇరవై ఎనిమిదేళ్లప్పుడు నా అబద్ధాన్నే మోసుకుని ఇంటికి పోయాడు.

విజిట్ మీద పోయినవాళ్లంతా మునిగిపోతారని నేననడం లేదు. విజిట్‌లో ఉండి ఇంటర్వ్యూలకు పోయి, ఒప్పందం మీద సంతకం అయ్యాకే వీసా మార్చుకుని, ఆ తర్వాతే పనిలో చేరినవాళ్లు ఉన్నారు. 2022 నుంచి డిగ్రీ, నైపుణ్యం ఉన్నవాళ్లు ఉద్యోగం వెతుక్కోవడానికే వేరే వీసా కూడా ఉంది. సరైన వీసా లేకుండా పని చేయించుకున్న యజమానికి జుర్మానా 2024లో లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా పెంచారు. చట్టం గట్టిపడింది. కానీ పట్టుబడిన రోజు యజమాని జుర్మానా కడతాడు, పిల్లవాడు బతుకే పోగొట్టుకుంటాడు. అందుకే చట్టం సంగతి ఎంత తెలిసినా, చూసినవాడు చూసింది చెప్పకపోతే ఊరికి ఏం లాభం?

మరునాడు ఆ పిల్లవాడు వచ్చాడు. కూర్చోబెట్టి చెప్పాను. ఏజెంటు లైసెన్సు నంబరు మన ప్రభుత్వ వెబ్‌సైటైన ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో ముందు చూడమన్నాను. ఒప్పంద పత్రం చేతికి రాకుండా ఒక్క రోజు కూడా పనిలోకి దిగొద్దన్నాను. ట్రయల్ అంటే లేచి వచ్చేయమన్నాను. ఒకవేళ విజిట్ మీదే పోతే, తిరుగు టికెట్ డబ్బులు తాకకుండా పెట్టుకుని, గడువుకు ముందురోజే విమానమెక్కమన్నాను. వాడు అంతా విని, “మరి నువ్వు గిట్లనే పోయినవ్ గద కాకా?” అన్నాడు.

అప్పుడు చెప్పడం మొదలుపెట్టాను. నీలం అట్ట నోట్‌బుక్, వి-7, కిష్ హోటల్ కౌంటర్, నేపాలీ పిల్లవాడు, బామ్మర్ది చెంప, స్లాబు లెక్క. “మార్సుకుందం” అన్న మాటలో ‘మనం’ ఉందని, మార్చడం మాత్రం మన చేతిలో లేదని, అది యజమాని సంతకంలో ఉంటుందని చెప్పాను. ఇన్నేళ్లూ ఆ ‘మనం’లో నేనున్నట్టు నమ్మించాను, అవసరమైన రోజు లేను అని చెప్పాను.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. మా ఆవిడ గడపలో నిలబడి ఉంది. పిల్లవాడు వెళ్లాక చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది, “ఇరాన్ల తొమ్మిది దినాలు ఏం తిన్నవ్?”

చెప్పాను. ఆ తర్వాత ఫోన్ తీసి మా బామ్మర్దికి కలిపి ఆమె చేతికిచ్చాను, నేను పక్కనే కూర్చున్నాను.